అలమరలో ఎండాకాలం

ధర్మవరంలో ఎండలు ఎట్లా కాస్తాయో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఆ ఎండలు మా ఆయనకు చాల్లేదు. నేను పట్టుచీరలు పెట్టుకునే గోడ అలమరలో ఇంకో ఎండాకాలాన్ని ప్రత్యేకంగా పెంచి పోషించాడు. తలుపు తీస్తే ముఖం మీద సెగ కొట్టేది. వాకిలి తీస్తే వడగాలి, అలమర తీస్తే ఈ సెగ. మధ్యలో నేను, నా విసనకర్ర.

నవ్వుకోండి, ఫర్వాలేదు. మా వీధి వీధంతా నవ్వింది. కానీ ఆ అలమర జోలికి మేం ఎందుకు పోవాల్సి వచ్చిందో కూడా వినండి.

మాది నేతపని ఇల్లు. ముందు వసారా, దాని వెనక మేం పడుకునే గది, ఆ గదికి ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క మగ్గాల గది. మగ్గాల గదిలో రెండు మగ్గాలు. ఒకటి మా ఆయనది, ఒకటి మా మరిదిది. మరిది సంసారం ఎదురింట్లో, మగ్గం మాత్రం మా ఇంట్లో. గుంత మగ్గం చూడనివాళ్ళకు చెప్పాలంటే, నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించుకొని, గట్టు మీద కూర్చుని, ఆ కాళ్ళతో కింద చెక్కలు తొక్కుతూ నేయాలి. మా ఆయన మీసాలు రాని వయసులో ఆ గుంతలోకి దిగాడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆయన నేస్తుంటే పక్కన కూర్చుని రాట్నం మీద పేక పోగు కండెలు చుట్టాను. పొద్దంతా పోట్లాడుకునేవాళ్ళం. ఆయన కళ్ళు నిలువు పోగుల పడుగు మీద, నా కళ్ళు రాట్నం మీద, మాటలు మాత్రం ఒకరి మీద ఒకరికి. కూర గురించి, మా పుట్టింటివాళ్ళ గురించి, ఆయన వైపువాళ్ళ గురించి, ఏమీ దొరక్కపోతే ఎండ గురించి. ఆ పోట్లాట లేకపోతే నాకు చెయ్యి ఆడేది కాదు.

పోయిన ఏడాది ఆయన మోకాళ్ళు మొరాయించాయి. గుంతలోకి దిగితే పైకి రావడానికి ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చేది. అనంతపురం తీసుకెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూసి, "ఇంక మగ్గం గుంత మర్చిపో పెద్దాయనా" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో. కాఫీ మానెయ్యమన్నట్టు.

ఇంటికి వచ్చి మా ఆయన చేసిన మొదటి పని, తన మగ్గం మీద పాత దుప్పటి కప్పడం. రెండో పని, ఆ గదిలోంచి బయటికి రావడం. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. అన్నానికి లేవడం, తిని మళ్ళీ వచ్చి కూర్చోవడం. లోపల తమ్ముడి మగ్గం చప్పుడు మొదలైతే కుర్చీని వీధి వైపు రవ్వంత జరుపుకునేవాడు. "ఇట్లే జరుపుకుంటా పోతే బస్టాండు కాడ తేలతావు" అని ఎగతాళి చేశాను. నవ్వలేదు. తిట్టనూ లేదు.

నాకు భయం పట్టుకుంది అక్కడే. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, ఉప్పే లేని పప్పు పెట్టినా మాట్లాడకుండా తిని లేస్తున్నాడు. నేను కావాలనే ఉప్పు మానేసి చూశాను, కాబట్టి గట్టిగా చెప్తున్నాను. మగ్గం దిగిన మగవాళ్ళు కొందరు ఇట్లాగే కూర్చుని కూర్చుని మంచం పట్టడం, ఆ మంచం మళ్ళీ దిగకపోవడం మా వీధిలో చూశాను. వాళ్ళకు జబ్బేమీ ఉండదు. పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉండదు, అంతే. ఈయన కూడా అట్లా అయిపోతాడేమోనని భయపడ్డాను. పైకి మాత్రం నోరు ఆపలేదు. ఆపితే ఇంట్లో శబ్దమే ఉండేది కాదు.

మా కూతుర్ని బత్తలపల్లిలో ఇచ్చాం. అల్లుడు పెళ్ళిళ్ళకు, జాతరలకు లైట్లు కట్టిస్తాడు. వాళ్ళిద్దరూ చూడ్డానికి వచ్చినప్పుడు, మామ మౌనం ముందు ఏం మాట్లాడాలో తెలియక అల్లుడు ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. ఎవరో బెంగుళూరులో బట్టల బీరువాలో లైట్లు బిగించి కొత్తిమీర పండిస్తున్నారు. ఎండతో పనిలేదు, వానతో పనిలేదు. మా ఆయన చూశాడు. మళ్ళీ ఒకసారి పెట్టమన్నాడు. చూశాడు. తర్వాత అడిగాడు.

"మనింట్లో అయితాదా ఇది?"

ఎన్నో వారాల తర్వాత ఆయన నోట వచ్చిన ప్రశ్న అది. అల్లుడు నోరు తెరిచేలోగా నేనే, "ఎందుకు కాదు, బెమ్మాండంగా అయితాది" అనేశాను. ఎవరి అలమరలో అని ముందు అడగాల్సింది. సంతోషంలో ఆ ఊసే రాలేదు.

మర్నాడు నా అలమర ముందు నిలబడి తలుపు మూసి తీసి చూస్తున్నాడు.

"ఇంట్లో ఇన్ని మూలలుండాయి. నా చీరలే అడ్డమొచ్చినాయా నీకు?" అన్నాను.

"దీనికే తలుపు బిర్రుగా పడతాది."

"నేను పోయినాక తీసుకోరాదా?"

"అంతవరకూ కొత్తిమీర ఆగదే."

చీరలు నేనే తీసి ఇనప్పెట్టెలో సర్దేశాను. పెళ్ళిలో కట్టుకున్న చీర అన్నిటికంటే కిందికి పోయింది. పోతే పోనీ అనుకున్నాను.

అల్లుడు పందిళ్ళకు కట్టే ఫ్లడ్ లైట్లు రెండు తెచ్చి అలమర పైభాగంలో బిగించాడు. ఊరేగింపుకంతా వెలుగిచ్చే లైట్లు అవి. వాటిని నాలుగు అరల అలమరలో పెట్టాడు. అల్లుడు ప్రేమగా తెచ్చినదాన్ని ఎక్కువైందని ఎవరంటారు? "భలే ఉండాయి నాయనా" అన్నాడు మా ఆయన, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని.

ఆ రోజు నుంచి నాకంటే ముందు లేవడం మొదలుపెట్టాడు. ధనియాలను చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేశాడు. నానబెట్టాడు. పండ్ల దుకాణం నుంచి ప్లాస్టిక్ ట్రేలు అడిగి తెచ్చి, మట్టి, కొబ్బరిపొట్టు కలిపి పోశాడు. ధనియాలు చల్లి, పైన చేత్తో ఎంత మెత్తగా సవరించాడంటే, నా పెళ్ళయినప్పటి నుంచి నా తల మీద కూడా అంత మెత్తగా చెయ్యి వేయలేదు. ఆ మాటే అన్నాను. "నీ తల మొలకెత్తదు గదా" అన్నాడు. మనిషి తిరిగొస్తున్నాడు అనుకున్నాను.

మొలకలు వచ్చిన పొద్దు నన్ను చెయ్యి పట్టుకొని లాక్కుపోయి చూపించాడు. తెల్లటి కాడలు, కొసన రెండు చిన్న ఆకులు.

"పోగుల మాదిరుండాయి చూడు" అన్నాడు.

వారం తిరక్కుండానే ఆ పోగులు తల వాల్చాయి. వాలవా మరి? ఫ్లడ్ లైట్ల వేడి మొత్తం లోపలే తిరుగుతోంది. తలుపు మీద చెయ్యి పెడితే దోసెల పెనం. నాలాంటి వంటింటి మనిషికి చూడగానే తెలిసింది, లోపల సెగ ఎక్కువైందని. మా ఆయనకు మాత్రం వేరే తోచింది. నేతగాడి బుద్ధి కదా.

పట్టుపోగుకు గాలి పగ. ఎండాకాలం పొడిగాలి తగిలితే పడుగు పెళుసెక్కి పటపటా తెగుతుంది. అందుకే మగ్గాల గదులకు కిటికీలు చిన్నవి, అవి కూడా మూసే ఉంటాయి. వాకిలికి గోనెపట్ట తడిపి కడతాం. నేల మీద నీళ్ళు చల్లుతాం. మగ్గాల గది తలుపు తీసి మర్చిపోయినందుకు చిన్నప్పుడు వీపు మీద దెబ్బ తిననివాడు మా వీధిలో ఒక్కడూ ఉండడు. అట్లా పెరిగిన మనిషికి కాడలు వాలిపోయి కనబడితే ఏమనుకుంటాడు? గాలి తగిలిందనుకున్నాడు. అలమర తలుపు సందుల్లో గుడ్డపీలికలు దూర్చాడు. లోపల తడి గోనెపట్ట వేలాడదీశాడు. పైన సెగ, కింద తడి, చుట్టూ బిగింపు.

"ఏమయ్యా, ఇడ్లీ పిండి కూడా దాంట్లోనే పెట్టమంటావా? గ్యాసన్నా మిగులుతాది" అన్నాను.

"నీకేం తెలుసే. గాలి తగిలితే పోగు నిలబడతాదా?"

"అవి పోగులు కాదయ్యా. కొత్తిమీర."

"రెండూ సన్నంగానే ఉండాయి గదా."

ఈ మాటకు జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చెప్పండి. మరుసటి పొద్దు తలుపు తీస్తే కొత్తిమీర ఉడికిపోయి ట్రేలకు అంటుకొని ఉంది. ఇల్లంతా చారు కాచిన వాసన. ఆయన ఆ ట్రేలను అట్లాగే వదిలేసి వసారాలోకి నడిచాడు. నేను ఒక్క క్షణం కూడా ఆగకుండా అల్లుడికి ఫోను కొట్టి, స్పీకరు పెట్టి, ఆయన ఒళ్ళో పడేశాను.

"వేడి పైకి పోతాది మామా" అన్నాడు అల్లుడు. "పైన కంత కొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించల్ల. కింద నుంచి చల్లగాలి రావల్ల. గాలి ఆడితేనే చెట్టు బతుకుతాది."

"గాలా?" అన్నాడు మా ఆయన, ఇంట్లోకి దొంగను పిలవమన్నట్టు.

ముందు తలుపు తీసి పెడితే చాలదా అని చూశాడు. పట్టపగలు మా పడకగది పెళ్ళి పందిరైంది. ఊళ్ళో ఉన్న పురుగులన్నీ వచ్చాయి, వాటి కోసం బల్లులన్నీ వచ్చాయి. వేడి అలమరలోంచి బయటపడి నేరుగా నా మంచం మీదికి వచ్చింది. కొత్తిమీరకు పోయిన ప్రాణం నాకు పోయేట్టుందని నేను మొత్తుకున్నాక, మేస్త్రీని పిలవడానికి ఒప్పుకున్నాడు.

మేస్త్రీ వచ్చి అలమర వెనక గోడకు పైన కంత కొట్టి ఫ్యాను బిగించాడు, చల్లగాలి రావడానికి తలుపుకు కింద చిన్న కంతలు వేశాడు. పనంతా మా గది వైపు నుంచే చేశాడు. ఆ గోడకు అవతల మగ్గాల గది. ఆ గదిలో ఆ కంతకు సరిగ్గా ఎదురుగా, మగ్గం మీద పరిచిన మరిది పడుగు. మరిది ఆ రోజుల్లో బంధువుల పెళ్ళి పనులు మీద వేసుకొని తాడిపత్రి వెళ్ళాడు, మూడు వారాలు రాలేదు. మా ఆయన ఒక్కసారి ఆ గదిలోకి తల పెట్టి చూసినా గాలి ఎక్కడ పడుతుందో తెలిసేది. తన మగ్గం ముఖం చూడనని పంతం కదా, చూడలేదు. ఫ్యాను తిరిగింది, అలమర చల్లబడింది, ఆయనకు అంతే కావాలి.

రెండో విడత కొత్తిమీర బాగా వచ్చింది. పచ్చగా, నిటారుగా, ఒక ట్రే నిండా. రోజుకు నాలుగుసార్లు తలుపు తీసి చూసుకునేవాడు. పక్కింటివాళ్ళను పిలిచి చూపించేవాడు. "ముట్టుకోవద్దప్పా, చూడు అంతే" అనేవాడు. పప్పులో ఉప్పు తక్కువైందని నన్ను గట్టిగా తిట్టాడు కూడా. ఆ రోజు నేను ఎంత తృప్తిగా తిన్నానో చెప్పలేను.

మరిది తాడిపత్రి నుంచి తిరిగొచ్చి మగ్గం ఎక్కాడు. లేపాక్షి నుంచి ఎవరో పెళ్ళికూతురి చీర చెప్పి వెళ్ళారు, ముహూర్తం దగ్గర పడుతోంది. పేక పోగు మోసే నాడె నాలుగుసార్లు ఇటూ అటూ తిరిగేసరికి పోగు తెగింది. అతికాడు. ఇంకొకటి తెగింది. నేల మీద నీళ్ళు చల్లాడు, కిటికీ ఇంకా బిగించాడు. వరసపెట్టి తెగుతున్నాయి. చివరికి తల పైకెత్తి చూశాడు. గోడలో కొత్త కంత, కంతలో తిరుగుతున్న ఫ్యాను. చెయ్యి చాపి చూశాడు, కాలింది.

నేరుగా వసారాలోకి వచ్చాడు.

"ఏమన్నా, నా పడుగు మీదికి నిప్పులగాలి వదిల్నావు?"

మా ఆయనకు అర్థం కాలేదు. "యాడ?" అన్నాడు.

"యాడేంది? నీ అలమర సెగంతా నా మగ్గం నెత్తిన పడతాండాది. పోగులన్నీ పెళపెళా తెగినాయి. లేపాక్షోళ్ళకు ఏమని చెప్పల్ల నేను? పెండ్లికూతురికి చీర బదులు కొత్తిమీర కట్ట ఇచ్చి పంపల్లనా?"

నాకు నవ్వు వచ్చింది, నిజం. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అంతలోనే అన్నాడు ఇంకో మాట.

"మగ్గం దిగినోడివి, దిగినట్టు గమ్మునుండు. నా మగ్గం జోలికి రావద్దు."

కొంగు నోటి మీద నుంచి తీసేశాను. అన్నవాడి ముఖమూ మాడింది, పడ్డవాడి ముఖమూ మాడింది. మా ఆయన లేచి లోపలికి వెళ్ళి లైట్లు ఆర్పాడు, ఫ్యాను ఆర్పాడు, అలమర తలుపు మూశాడు. వచ్చి కుర్చీని వీధి వైపు తిప్పుకొని కూర్చున్నాడు. అన్నం వద్దన్నాడు.

తమ్ముడి మాట ఆయన్ను కోసింది, కాదనను. అంతకంటే ఎక్కువ కోసింది ఇంకొకటి. పుట్టినప్పటి నుంచి పడుగును గాలి నుంచి కాపాడుకుంటూ వచ్చిన మనిషి. పసిపిల్లలు చేసి దెబ్బలు తినే తప్పు తన చేత్తో చేశాడు. మోకాళ్ళతో పాటు నేతపని బుద్ధి కూడా తనను వదిలిపెట్టిపోయిందని అనుకున్నాడేమో.

మర్నాడు అలమర తీసి చూశాను. చీకట్లో కొత్తిమీర మెత్తబడి పక్కకు ఒరిగింది. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. అన్న మీద, తమ్ముడి మీద, డాక్టరు మీద, కొత్తిమీర మీద కూడా. విసురుగా మగ్గాల గదిలోకి వెళ్ళాను. మరిది పడుగు మీదికి వంగి తెగిన పోగులు ముడివేసుకుంటున్నాడు.

"ఏమప్పా, నోరుండాదని ఎంత మాటన్నా అనేదేనా?" అన్నాను. "మీయన్న ఆ కుర్చీలో అట్లే కూర్చోని కరిగిపోతే నీకు సంతోషమా?"

తల ఎత్తలేదు. "తప్పే వదినా. నోరు జారినా. ఇప్పుడు పోయి ఏమని చెప్పల్ల నేను?"

"ఏం చెప్పొద్దు. గడ్డపార తీసుకోని మిద్దె ఎక్కు."

మా వంటింట్లో కట్టెల పొయ్యి ఉన్న కాలంలో పొగ పోవడానికి మిద్దెకు ఒక కంత ఉండేది. గవాచి అంటాం. గ్యాసు వచ్చాక దాని మీద బండ పెట్టి సిమెంటు పూసేశారు, వాన కురుస్తుందని. ఈ కరువు సీమలో వానకు అంత ముందుజాగ్రత్త పడ్డవాళ్ళు మేమే అయ్యుంటాం. పొగ పోయిన దారిలో సెగ పోదా అని నాకు తోచింది. అలమర తలుపు పైన ఒక కంత కొట్టి ఫ్యాను అక్కడికి మార్చాలి. అక్కడి నుంచి మా గది దాటించి, వంటింటి గవాచి దాకా ఒక గొట్టం లాగాలి. గొట్టానికి కొత్తగా కొనాల్సింది ఏముంది? నా పాత నైలాన్ చీరను నిలువునా మడిచి అంచులు కలిపి కుట్టడానికి కూర్చున్నాను. అది గుండ్రంగా నిలబడటానికి మధ్య మధ్యలో వెదురుబద్దలు వంచి పెట్టాను.

పైన మరిది గడ్డపారతో దబదబా కొడుతున్నాడు. సిమెంటు పెళ్ళలు రాలి నా పప్పులో పడ్డాయి. తన ఇంటి మిద్దె పగలగొడుతున్న చప్పుడు వింటూ ఏ మగవాడు కుర్చీలో కూర్చుంటాడు? మా ఆయన లేచి వంటింట్లోకి వచ్చి పైకి చూశాడు. కంతలో ఇంత ఆకాశం, ఆకాశంలో తమ్ముడి ముఖం, ముఖం నిండా దుమ్ము. ఒకరినొకరు చూసుకున్నారు. నేను సూది ఆపాను.

"అన్నా, ఇంత కంత చాల్నా?" అన్నాడు మరిది.

మా ఆయన వేళ్ళతో గాల్లో కొలత వేశాడు. "ఇంకా రొంత వెడల్పు కొట్టు" అన్నాడు.

అంతే. అడగాల్సింది అడగడం, ఇవ్వాల్సింది ఇవ్వడం ఆ రెండు మాటల్లో అయిపోయింది. ఆడవాళ్ళమైతే కనీసం ఒక పూట ఏడ్చేవాళ్ళం.

ఆ తర్వాత ఆయన చూపు నా ఒళ్ళో ఉన్న గొట్టం మీద పడింది. చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురే కుట్టింది ఇది? కుట్టుకూ కుట్టుకూ మధ్యలో ఎద్దు దూరతాది."

"నేనే కుట్టినా. ఓపికుంటే నువ్వు కుట్టు."

నా కుట్లన్నీ విప్పేశాడు. స్టూలు మీద కూర్చుని మళ్ళీ మొదటి నుంచి కుట్టాడు, గాలి పిసరంత కూడా పక్కకు పోకుండా. గాలిని ఆపడమే తెలిసిన చేతులు గాలికి దారి కట్టడానికి కూర్చున్నాయి. ఆ కుట్టు ఇప్పటికీ ఎక్కడా ఊడలేదు. ఊడితే బాగుండు, ఒక్కసారైనా దెప్పడానికి వీలుండేది.

ఫ్యాను వేశాం. మా మంచం మీదుగా, గుమ్మం మీదుగా చీర గొట్టం పొడవునా ఉబ్బుకుంటూ పోయింది. అలమర తలుపుకు కింద వేసిన కంతల దగ్గర చెయ్యి పెడితే గాలి లోపలికి లాగుతోంది. మిద్దె మీద గవాచిలోంచి నా చీర చెంగు ఎగరడం మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. "ఏమక్కా, మీ వంటిల్లు ఏ పార్టీలో చేరిండాది?" అని పక్కింటామె అడిగింది. ఒరిగిన కొత్తిమీర సాయంత్రానికల్లా తల ఎత్తింది.

ఇంక మిగిలింది మగ్గాల గది వైపు కంత. మేస్త్రీని పిలుద్దామన్నాను.

"నేను కొట్టించింది, నేనే పూడుస్తా" అన్నాడు.

ఇటుకముక్కలు, సిమెంటు ఒక బొచ్చెలో వేసుకొని ఆ గది గడప దగ్గరికి వెళ్ళాడు. ఆగాడు. నేను చేతిలో చెంబు పట్టుకొని వెనకే ఉన్నాను. ఆయన కుడికాలు ఎత్తి లోపల పెట్టాడు. తన మగ్గం వైపు చూడకుండా నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. మరిది స్టూలు పట్టుకున్నాడు, ఈయన ఎక్కి కంత పూడ్చాడు. దిగేటప్పుడు తమ్ముడి భుజం పట్టుకున్నాడు. దిగి, చేతులు కడుక్కొని, వెనక్కి తిరుగుతుంటే పడుగు కంటపడింది. లేపాక్షి వాళ్ళ పెళ్ళిచీర పడుగు, నిండా మరిది వేసిన ముడులు.

"ఇవేందిరా?" అన్నాడు.

"అతికినా అన్నా."

"ఇవి అతుకులా? చీర కట్టుకున్న పిల్లకు గుచ్చుకుంటాయి రా ఇవి."

"నీ మాదిరి నాకు రాదు గదా" అన్నాడు మరిది. ఎంత మెల్లగా అన్నాడంటే, అడుగుతున్నాడో ఒప్పుకుంటున్నాడో తెలియలేదు.

మా ఆయన పడుగు మీదికి వంగి చూశాడు. ఇందాక ఎక్కిన స్టూలునే పడుగు వెనక వైపుకు లాక్కున్నాడు. అతకడానికి గుంతలోకి దిగాల్సిన పని లేదు, వెనక కూర్చుంటే చాలు. ఇన్నాళ్ళూ ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. తెలిసీ ఎవరికీ తట్టలేదు. మగ్గం అంటే గుంతే అనుకున్నాం. ఆయన ఒక ముడి తుంచాడు. వేళ్ళకు రవ్వంత బూడిద అద్దుకొని, రెండు కొసలు కలిపి మెలితిప్పాడు. అతుకు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. రెండో ముడి తుంచాడు.

అన్నానికి పిలిచాను. "వస్తాండా" అన్నాడు. రాలేదు. మళ్ళీ పిలిచాను. "ఒకసారి చెప్తే అర్థం కాదా నీకు?" అని కసిరాడు. సంగటి చల్లారిపోయింది. నేను ఇంకోసారి వేడి చేశాను, గొణుక్కుంటూనే.

పెళ్ళిచీర ముహూర్తానికి ముందే లేపాక్షి చేరింది. ఆ అతుకుల సంగతి మరిది వీధంతా చెప్పుకున్నాడు. ఇంక ఏ ఇంట్లో పడుగు తెగినా, కొత్త పడుగు పాతదానికి కలపాలన్నా మా ఆయనకే కబురు. చంకలో స్టూలు పెట్టుకొని, మోకాళ్ళు తిట్టుకుంటూ, మెల్లగా నడిచి వెళ్తాడు. పొద్దు వాలాక వస్తాడు. ఎవరింట్లో పడుగు ఎంత అధ్వాన్నంగా ఉందో అన్నం తినేంతసేపూ నాకు వివరిస్తాడు.

మొన్న ఎండలు మళ్ళీ ముదిరాయి. అలమరలో కొత్తిమీర అంచులు పసుపుపచ్చగా తిరగడం చూశాను. ట్రేల్లో మట్టి పొడిపొడిగా ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఈయన ఈ తలుపు తీయలేదో. నాకు కోపం వచ్చి, ఎండలో పడి, మూడో వీధిలో ఆయన పనిచేస్తున్న ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నిలబడే పిలిచాను.

"ఏమయ్యా, నీ కొత్తిమీర ఎండిపోతాండాది. వచ్చి నీళ్ళు పొయ్యి."

పడుగు మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"నాకు యాడ తీరిక ఉండాదే. నువ్వే చూసుకో" అన్నాడు.

తీరిక లేదట. నా అలమర లాక్కొని, నా చీరలు ఇనప్పెట్టెలో వేయించి, ఇంటి మిద్దెకు కంత కొట్టించిన మనిషికి తీరిక లేదట. నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను. వసారాలో వీధి వైపు తిరిగిన ఆ ఖాళీ కుర్చీ గుర్తొచ్చింది, నోరు మూసుకొని వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చి, అలమర తలుపు తీసి, ఆ వెలుగు ముందు నిలబడి ఏడ్చేశాను. ఏడుపు ఆగాక ట్రేలకు నీళ్ళు పోశాను.